దొండపాదు మీద వ్యాసం పంపిన అమ్మాయికి

అమ్మాయీ,

నీ వ్యాసం ‘దొండపాదు నేర్పిన ఐదు పాఠాలు’ అందింది. రెండో పేజీలో ఒక వాక్యం దగ్గర ఆగిపోయాను. “చిట్టి దొండగింజ చీకటి మట్టిని చీల్చుకుని వెలుగు వైపు తలెత్తుతుంది” అన్నావు. వ్యాసమంతా ఆ గింజ మీదే కట్టావు. ఓర్పు, పట్టుదల, ఆత్మవిశ్వాసం, అన్నీ అందులోంచే మొలిపించావు. కానీ మన ఇళ్లలో, పొలాల్లో దొండపాదును గింజ వేసి పెంచరు. తీగముక్క నాటుతారు. మీ నానమ్మగారి పెరట్లో పాదూ అలా వచ్చిందే అయివుంటుంది. ఆ సంగతి నీ వ్యాసంలోనే ఆరో పేజీలో ఉంది, నువ్వే పట్టించుకోకుండా దాటిపోయావు. దాని దగ్గరికి తర్వాత వస్తాను.

గింజ ఎందుకు వేయరో ముందు చెబుతాను. నువ్వు వెతుకుతున్న విషయం అక్కడే ఉంది. బీర, సొర, గుమ్మడి తీగల్లో ఆడపూలూ మగపూలూ ఒకే తీగకు వస్తాయి. దొండలో అలా కాదు, ఆడతీగ వేరు, మగతీగ వేరు. మనుషుల్లో మాదిరే దొండకూ ఎక్స్, వై క్రోమోజోములున్నాయి. మనలో వై చిన్నది, దొండ మగతీగలో మాత్రం అదే అన్నిటికంటే పెద్దది. గింజలు చల్లితే మొలిచినవాటిలో ఇంచుమించు సగం మగతీగలవుతాయి. అవీ పందిరంతా అల్లుకుంటాయి, తెల్లటి పూలు విరగబూస్తాయి, ఒక్క కాయ కాయవు. పూతకు వచ్చేదాకా ఏది ఏదో కంటికి తెలియదు. పూసిన తర్వాత చూస్తే ఆడపువ్వు కింద సన్నటి పిందె ముందే ఉంటుంది, మగపువ్వు కింద ఉత్త కాడే. అన్నాళ్లూ నీళ్లు పోసి, పందిరి వేసి, చివరికి మగతీగని తేలితే పీకి పారేయాలి. ఆడతీగే వచ్చినా తల్లితీగ కాయ రుచే వస్తుందన్న నమ్మకం లేదు, చేదు తగలొచ్చు. అందుకని కాపూ రుచీ తెలిసిన ఆడతీగ నుంచే ముక్క కోస్తారు.

ఆ ముక్క ఎలాంటిదో కూడా తెలుసుకుని రాయాలి. మరీ లేత చిగురు నాటితే కుళ్లుతుంది. పెన్సిలంత లావు, నాలుగైదు కణుపులు, జానెడు పైచిలుకు పొడవు ఉండాలి. ఆకులు తుంచేయాలి, లేకపోతే వేరు పట్టకముందే ఆ ఆకులు ముక్కలో ఉన్న తేమంతా లాగేస్తాయి. కిందికొసను ఏటవాలుగా, పైకొసను అడ్డంగా కోస్తారు. రేపు నాటేవాళ్లకు ఏది కిందో ఏది పైనో తెలియాలి కదా, తలకిందులుగా గుచ్చిన ముక్క దక్కదు. రెండు కణుపులు మట్టిలోకి, తక్కినవి పైకి. తొలకరి పడ్డాక, జూన్, జూలైలలో, గుంటకు రెండేసి ముక్కలు పెడతారు, ఒకటి పోయినా ఇంకొకటి నిలుస్తుందని. తడి ఆరకూడదు, నీళ్లు నిలవకూడదు. రెండు వారాలు అటూఇటూగా కణుపు దగ్గర చిగురు కదులుతుంది. రెండు, రెండున్నర నెలలకు తొలికాపు చేతికొస్తుంది.

ఇదంతా వ్యవసాయ కరపత్రంలో రాసుకునే సంగతి, నా వ్యాసంలో ఎందుకని నువ్వు అడగవచ్చు. నా నమ్మకం ఒకటే, దాన్ని ఎన్నిసార్లయినా చెబుతాను. వస్తువు పూర్తిగా తెలియని చోటే మనం నీతిని తెచ్చి పూడుస్తాం. దొండపాదు ఎలా నిలబడుతుందో తెలియనప్పుడు “పట్టుదలతో నిలబడింది” అని రాస్తాం. తెలిసినప్పుడు ఆ మాట అవసరం పడదు.

నీ రెండో పాఠమే తీసుకో. “కొడవలి వేటుకు కుంగని ధైర్యం” అన్నావు. జరిగేదేమిటో చెబుతాను. దొండ ఏళ్ల తరబడి బతికే తీగ. చలి ముదిరితే కాపు తగ్గుతుంది, ఆకు పసుపుబారుతుంది, పాత తీగలన్నీ పందిరి మీద చిక్కుపడి గాలి ఆడనివ్వవు. అప్పుడు మొదట్లో రెండడుగులు ఉంచి మిగతాదంతా కోసేస్తారు. నేల పైన మిగిలేది కట్టెరంగు మోడు. తెలియనివాళ్లు చూస్తే ఎండిపోయిందనుకుని తవ్వేస్తారు. మట్టి కింద మాత్రం దుంపలా ఊరిన వేరు ఉంటుంది. ఎండాకాలం, వానాకాలం ఆకులు వండి పంపిన పిండిపదార్థమంతా దాని నిండా ఉంటుంది. మొదట్లో మాగిన పశువుల ఎరువు వేసి, తడి ఇచ్చి, వాతావరణం వెచ్చబడేదాకా ఆగితే, ఆ నిల్వ ఖర్చుపెట్టుకుని తీగ మళ్లీ చిగురిస్తుంది.

ఇక్కడే ఇంకో సంగతి. నులిపురుగులు పట్టి వేళ్లన్నీ బుడిపెలు కట్టిన పాదునూ అదే కొడవలితో, అదే ఎత్తున కోస్తారు. అది లేవకపోవచ్చు. నిరుడే నాటి, ఇంకా వేరు ఊరని పాదూ అంతే. లేచిన పాదుకు ధైర్యం ఉందని, లేవని పాదుకు లేదని అంటావా? కింద ఎంత నిల్వ ఉంది, కోసిన తర్వాత ఎరువు వేసి నీళ్లు పోసినవాళ్లు ఎవరు అనేవే అక్కడ అడగాల్సిన ప్రశ్నలు. “పడిపోయినా లేవాలి” అని మనుషులకు చెప్పేటప్పుడు కూడా నువ్వు అడగాల్సినవి అవే. అడగకపోతే, లేవలేకపోయినవాళ్లందరినీ చేతకానివాళ్లని తేల్చేసినట్టే. మొగుడు పోయి, అప్పులు నెత్తిన పడి, మళ్లీ నిలదొక్కుకున్న ఒక మనిషి గురించి ఎప్పుడైనా రాస్తే, ఆమె గుండెధైర్యాన్ని పొగిడేముందు ఆమెకు ఎవరు బియ్యం పంపారో కనుక్కో.

మూడో పాఠంలో “ఎక్కడ వేసినా బతికే గుణం మనమూ అలవరచుకోవాలి” అని రాశావు. ఈ గుణం సంగతి హవాయి దీవుల్లో అడిగితే వేరే కథ చెబుతారు. మన దొండే అక్కడ చెట్ల మీదికి, కంచెల మీదికి, కరెంటు తీగల మీదికి పాకి, కింద ఉన్నదానికి ఎండ తగలకుండా కప్పేసింది. అక్కడ అది నిషేధించిన కలుపు. దాన్ని అణచడానికి దాని సొంత శత్రువుల్ని వెతికి, ఆఫ్రికాలోని కెన్యా నుంచి దొండతీగను తొలిచే ఒక రెక్కలపురుగును తెచ్చి 1996లో వదిలారు. తర్వాత ముక్కుపురుగుల్నీ తెచ్చారు. గువామ్, సైపాన్ దీవుల్లోనూ ఇదే బెడద. మన పెరట్లో మాత్రం అది అంత పని చేయదు. తినే పురుగులూ తెగుళ్లూ ఇక్కడ దానికి పుట్టినప్పటినుంచీ తోడున్నాయి. పండు ఈగ కాయను గుచ్చి గుడ్లు పెడుతుంది, ఆ కాయ వంకర తిరిగి, లోపల పురుగుపట్టి రాలుతుంది. రాలినవాటిని ఏరి లోతుగా పూడ్చకుండా పాదులోనే వదిలేస్తే తర్వాతి కోతకు ఈగలు రెట్టింపవుతాయి. పేనుబంక ఉంది, బూడిద తెగులు ఉంది. వీటన్నిటి మధ్య అది హద్దులో ఉంటుంది. ఒకచోట మెచ్చుకునే గుణమే ఇంకోచోట గొడ్డలి పెట్టించే గుణం. నీ వ్యాసంలో ఈ చిక్కుముడి ఒక్కటైనా ఉండి ఉంటే నేను ఆనందంగా చదివేవాణ్ణి.

నీతి చెప్పేవాళ్ల చేతిలో దొండకాయ ఇదివరకే బాగా నష్టపోయింది. చాణక్యుడి పేరున చెలామణీ అయ్యే శ్లోకం ఒకటుంది. దొండ తింటే ఉన్న తెలివి అప్పటికప్పుడు పోతుందని, వస తింటే అప్పటికప్పుడు వస్తుందని. ఆ ఒక్క మాట ఆధారంగా ఇప్పటికీ పరీక్షల రోజుల్లో పిల్లలకు దొండకాయ కూర పెట్టని ఇళ్లున్నాయి. ఆ శ్లోకం కట్టినాయన ఎంతమందికి దొండకాయ పెట్టి చూశాడు? చిన్న వాక్యం, లయ ఉంది, నోటికి పట్టింది, అంతే. నీతివాక్యానికి ఉండే ప్రమాదం ఇదే, నిజమో కాదో ఎవరూ వెనక్కి వెళ్లి చూడరు. నువ్వు రాసిన ఐదు పాఠాలూ ఆ శ్లోకం కంటే మంచి మనసుతో రాసినవే. రాసిన పద్ధతి మాత్రం అదే.

ఈ రోగం నీతో మొదలవలేదు, అది నాకు తెలుసు. పత్రికల్లో ఏళ్లుగా పెంచి పోషించారు. చీమ నేర్పే పాఠం, సాలెపురుగు నేర్పే పాఠం, వెదురు నేర్పే పాఠం. చీమను గానీ వెదురును గానీ దగ్గర కూర్చుని చూసినవాళ్లు రాసినవి వాటిలో ఎన్ని? వాన కోసం ఆగిన ఒక చెరువు మీద నేను రాసిన వ్యాసానికి చివర “అందుకే ఓర్పు ఉంటే ఓరుగల్లు పట్టణమైనా…” అంటూ నేను రాయని వాక్యం కలిపి అచ్చువేశాడు ఒక సంపాదకుడు. అడిగితే, సందేశం లేకపోతే పాఠకుడికి అర్థం కాదండీ అన్నాడు. తెలుగు పాఠకుడికి అర్థం కాదని అనుకునేవాడు పాఠకుణ్ణి ఎన్నడూ చూడనివాడు. ఇప్పుడు ఫోన్లలో చదివే రోజులొచ్చాక ఆ పిచ్చి ఇంకా ముదిరింది, ప్రతి పేరా చివరా ఒక సూక్తి, ఎవరో కోసి పంచుకోవడానికి వీలుగా. నీ పేరాల చివర్లు చూడు. ఒక్కొక్కటీ గోడకు తగిలించుకునే పటంలా ఉంది. వాటిని కొట్టేసి మళ్లీ చదువు, ఏమీ పోదు.

ఇక దాతృత్వం. “తనను తుంచినవాడికే తిండి పెట్టే త్యాగమూర్తి” అన్నావు. కాయను కోయకుండా తీగకే వదిలేసి చూడు. ఎర్రగా పండి మెత్తబడుతుంది, చిలకలూ పిట్టలూ తింటాయి, గింజ ఎక్కడో దూరంగా పడుతుంది. తీగ ఆ కాయ కాసింది అందుకు. మనం పువ్వు విచ్చిన వారం పదిరోజులకే, గింజ ముదరకముందే తెంపుకుంటాం. నాలుగైదు రోజులకోసారి తెంపుతూ ఉంటే తీగ మళ్లీ మళ్లీ పిందె వేస్తుంది, పండ్లు తీగ మీదే ఉండిపోతే కొత్త పిందె తగ్గుతుంది. ఇందులో మనం తీసుకోవడం ఉంది. తీగ ఇవ్వడం అంటూ ఏమీ లేదు.

ఇచ్చినామె మీ నానమ్మ. ఆరో పేజీలో, నాలుగో పాఠానికీ ఐదో పాఠానికీ మధ్య, నువ్వు ఏదో పూర్తిచేయాలన్నట్టు రాసిన వాక్యం ఇది: “ఇల్లు అమ్మేసి మా దగ్గరికి వచ్చేసే రోజు, నానమ్మ దొండతీగ ముక్కలు తడిగుడ్డలో చుట్టి ఎదురింటావిడకు ఇచ్చి వచ్చింది.” అమ్మాయీ, నీ వ్యాసమంతా కలిపి ఈ ఒక్క వాక్యమే. ఇది చాలా మంచి వాక్యం. ఇందులో విశేషణం లేదు, పాఠం లేదు. తడిగుడ్డ ఉంది, ఎదురిల్లు ఉంది, అమ్మేసిన ఇల్లు ఉంది. దీన్ని పట్టుకుని మిగతాది మొత్తం తీసేయమని చెప్పడానికే ఈ ఉత్తరం రాస్తున్నాను.

ఆ ముక్కల గురించి నువ్వు తెలుసుకోవాల్సింది ఒకటుంది. గింజ నుంచి వచ్చిన మొక్క తల్లికి బిడ్డ. తీగముక్క నుంచి వచ్చింది బిడ్డ కాదు, ఆ మొక్కే. మీ నానమ్మ పెరట్లో కాసిన పాదూ, ఎదురింట్లో వేరూనిన పాదూ జన్యుపరంగా ఒకటే తీగ. నానమ్మకు అది ఎవరిచ్చారో, వాళ్లకెవరిచ్చారో వెనక్కి వెళ్తే, ఊళ్లో సగం పందిళ్ల మీద ఉన్నది ఒకే ఆడతీగ కావచ్చు. కొత్త యజమాని పెరడు చదును చేసి గది కట్టుకున్నా ఆ తీగ వీధి దాటి బతికే ఉంటుంది. నువ్వు ‘ఎదురొడ్డి నిలిచే శక్తి’ అని పేజీలకు పేజీలు రాసింది ఇదే. దాన్ని నిలిపింది ఒక ముసలమ్మ చేతిలోని కత్తి, ఒక తడిగుడ్డ.

ఇవ్వడంలో ఉన్న తెలివి కూడా రాయి. వైరస్ తెగులు సోకి, ఆకు ముడుచుకుని పసుపు మచ్చలు పడ్డ తీగ నుంచి ముక్క కోసి ఇస్తే, తెగులు కూడా దానితోపాటే ఎదురింటికి వెళుతుంది. పెరట్లో ఉన్న తీగల్లో ఆమె ఏది ఎంచింది? బాగా కాసే కొమ్మనా, పక్కకు పోయిన పిల్లతీగనా? ఏ నెలలో ఇల్లు ఖాళీ చేశారు? ఎండాకాలమైతే ఆ ముక్కలు నాటుకోవడానికి అది సమయం కాదు, అయినా ఇచ్చిందంటే తడిగుడ్డ ఎందుకో అర్థమవుతుంది. కిందికొస ఏటవాలుగా కోసిందా? ఎన్ని ముక్కలు? ఎదురింటావిడ వాటిని ఏం చేసింది? వీటికి జవాబులు మీ నాన్నకు తెలియకపోవచ్చు, మీ అమ్మకు తెలిసే అవకాశం ఉంది. వరసకు అత్తో పిన్నో అయినా సరే, ఆ ఎదురింటావిడకు ఫోన్ చేసి అడుగు. ఆ పాదు పోయిందని చెబితే పోయిందనే రాయి. బతికున్నట్టు కల్పించకు.

వంటగది పేజీ గురించి కూడా చెప్పాలి. “మరిగే నూనెలోనూ చిరునవ్వు వీడని దొండకాయ” అన్న వాక్యం కాకిముక్కుకు దొండపండు. వేపుడు చేసేటప్పుడు నువ్వు పక్కన నిలబడి చూసింది రాయాల్సింది. అరకిలో దొండకాయలు నిలువునా నాలుగు చీలికలు చేస్తే ఒక గిన్నె నిండా వస్తాయి. వాటిని ఇరుకు మూకుడులో కుక్కి మూతపెడితే ఒకదాని ఆవిరి ఇంకొకదానికి తగిలి ఉడికిపోతాయి, వేగవు. వెడల్పు మూకుడు కావాలి, ముక్క ముక్కకూ మూకుడు అడుగు తగలాలి. ఉప్పు మొదట్లోనే వేస్తే నీరు ఊరుతుంది, అదీ ఉడకడమే. సగం వేగి అంచులు ముడతపడ్డాక ఉప్పు, దించేముందు కారం, దంచిన వెల్లుల్లి. మధ్యస్థమైన మంట మీద ఇరవై, ఇరవై అయిదు నిమిషాలు. పెళ్లివంటల్లో కరకరలాడేది వేరు, అక్కడ నూనెలో ముంచి దేవి, జీడిపప్పు, కరివేపాకు కలుపుతారు.

కోసేటప్పుడు అప్పుడప్పుడు ఒక కాయ పైకి పచ్చగానే ఉండి, చీల్చగానే లోపల ఎర్రగా కనిపిస్తుంది. తీగ మీద ఒకట్రెండు రోజులు ఎక్కువ ఉన్నదన్నమాట. కూరలో వేస్తే మెత్తబడి కాస్త పులుపు తగులుతుందని పక్కన పడేస్తారు. మన కావ్యాల్లో నాయికల పెదవులకు బింబఫలమని పోలిక తెచ్చినవాళ్లందరూ చూసిన ఎరుపు అదే. కవి ఏరుకున్న పండు వంటమనిషి ఏరి పారేసే పండు. ఈ పని నీ చేతులతో చేసి ఉంటే ఆ ఎరుపు నీ కంట పడేది, చిరునవ్వు దాకా వెళ్లాల్సిన పని ఉండేది కాదు.

ఒక మంచి మాట చెప్పి తీరాలి. నీ వాక్యం పొడవుగా పోయినా తెగదు, క్రియ చివరికి వచ్చేసరికి కర్త ఎవరో గుర్తుంటుంది. ఈ రోజుల్లో అది తక్కువమందికి పట్టుబడింది. అంతకుమించి పొగిడి నిన్ను మునగచెట్టు ఎక్కించను.

కలం పేరు పెట్టుకోనా, ఏ పత్రికకు పంపను, సొంత డబ్బుతో సంపుటి వేసుకోవచ్చా అని అడిగావు. వీటికి ఇప్పుడు జవాబు రాయను. వ్యాసం తిరగరాసి పంపు. ఐదు పాఠాలూ తీసేయి, శీర్షికలో ‘నేర్పిన’ అన్న మాటా తీసేయి. మూడు పేజీలు దాటనివ్వకు. కాగితానికి ఒకవైపే రాయి, పక్కన రెండంగుళాలు ఖాళీ వదులు, నాకు దిద్దడానికి చోటు కావాలి. పాదు ఫోటోలు పంపకు. నాన్నగారినీ అమ్మనూ అడిగానని చెప్పు.

ఆశీస్సులతో.